తోటి పనివాని తప్పు తెలిసినప్పుడు

ధ్యాన భాగములు: మత్తయి 18:15-17; లేవీయకాండము 5:1; 2 కొరింథీయులకు 8:18-21



గడచిన కోతపండుగ దినములలో మా పరిచర్యలోని ఒక గ్రామమునకు చెందిన యౌవనస్థుడు, హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నవాడు, సెలవుమీద ఇంటికి వచ్చెను. అతని తల్లి భర్తను పోగొట్టుకొని, జీడితోటలలో కూలిచేసి అతనిని చదివించినది. ఊరిపేరు, ఇంటిపేరు వ్రాయము; అతడు సమ్మతించినంత మట్టుకే వ్రాయుచున్నాము. సాయంకాలపు ఆరాధన ముగిసి అందరును వెళ్లిపోయిన తరువాత అతడు మా యింటి అరుగుమీద కూర్చుండి, చాలసేపు నేల చూచి, యిట్లు అడిగెను:

“అయ్యగారూ, నాకు పని నేర్పినాయన ఒకాయన ఉన్నాడు. నాకు అన్నలాంటివాడు. ఒక లెక్క తప్పని ఆయనకు తెలుసు. తెలిసే సంతకం పెట్టినాడు, పైవాళ్లకు అంకె తక్కువ కావాలని. నేను చూసినాను. చెప్తే కొండెం చెప్పినట్టా? చెప్పకపోతే పాపమా?”

మేము ఏమి చెప్పితిమి? “ప్రార్థన చేసికొందము బాబూ” అంటిమి. ప్రార్థించితిమి. అతడు వందనములు చెప్పి వెళ్లిపోయెను. ప్రార్థన మంచిదే. అయితే ఆ రాత్రి మేము చేసినది జవాబు తప్పించుకొనుటకు కన్నులు మూసికొనుట మాత్రమే అని మా మనస్సాక్షి తెల్లవారువరకు మాతో వాదించుచునే యుండెను. అట్లు తప్పించుకొనుటకు మాకొక కారణము కలదు. దానిని దాచక కొంతసేపటికి చెప్పెదము.

ముందుగా ఆ యౌవనస్థుడు నేర్చుకొనుచున్న పని ఎట్టిదో తెలిసికొందము. మనలో అనేకుల ఇండ్లలో జీవిత బీమా పత్రము పెట్టె అడుగున భద్రముగా ఉండును. 1956 సెప్టెంబరు 1వ తేదీన ప్రభుత్వము 245 బీమా కంపెనీలను, పొదుపు సంఘములను ఒకటిగా చేర్చి జీవిత బీమా సంస్థను స్థాపించినది మొదలుకొని ఈ పత్రములు క్రమముగా పల్లెలకును చేరినవి. నెలకు ఇంత కట్టినయెడల, కట్టువాడు చనిపోయినప్పుడు అతని భార్యకు ఇంత అని అందులో ఉండును. ఆ ‘ఇంత’ను నిర్ణయించువాడెవడు? ఏ వయస్సులో వేయిమందికి ఎందరు చనిపోవుదురో చూపు పట్టికలు ముందు పెట్టుకొని, వడ్డీ లెక్కకట్టి, ఇరువది ముప్పది యేండ్ల తరువాత చెల్లింపవలసిన సొమ్ముకొరకు నేడు ఎంత తీసి ప్రక్కన ఉంచవలెనో చెప్పువాడు ఒకడున్నాడు. వానిని ఆక్చువరీ అందురు. మన పల్లెమాటలో చెప్పవలెనన్న, వాడు విత్తనపు గాదెకు కావలివాడు. తినుటకు ఎంత, విత్తుటకు ఎంత అని కొలిచి, ఇంటివారు ఆకలిమీద విత్తనపు గింజలలో చేయిపెట్టబోయినప్పుడు వలదనువాడు.

ఇందులో ఒక విశేషమున్నది. వడ్రంగి తలుపు వంకరగా చేసినయెడల తలుపు బిగించిననాడే తెలియును. వంటలో ఉప్పెక్కువైన మొదటి ముద్దలోనే తెలియును. ఆక్చువరీ లెక్క తప్పైనయెడల ఇరువది యేండ్లవరకు బయటివారికి తెలియకపోవచ్చును. తెలిసిననాటికి ఆ తప్పు చేసినవాడు పింఛను పుచ్చుకొనుచుండును, లేదా సమాధిలో ఉండును. పత్రము పట్టుకొని వరుసలో నిలువబడునది విధవరాలు. ఆమెకు ఆ లెక్క చదువ రాదు. ఏజెంటుకును రాదు. కంపెనీ పెద్దలలో అనేకులకును రాదు. దానిని చూచి ‘ఇది తప్పు’ అని చెప్పగలవాడు అదే విద్య నేర్చిన మరియొకడే. తప్పును చూడగల కన్నులు తోటివానివే గనుక, ఆ చూపు వానికి ఒక అప్పు అగుచున్నది. చూడలేనివారికి తీర్చవలసిన అప్పు.

ఇంగ్లాండులో 1762లో స్థాపింపబడిన ఈక్విటబుల్ లైఫ్ అను బీమా సంఘము తానిచ్చిన వాగ్దానములకు తగినంత సొమ్ము ఉంచుకొననందున 2000 డిసెంబరులో క్రొత్తవారిని చేర్చుకొనుట మానవలసివచ్చెను. వృద్ధాప్యముకొరకు అందులో దాచుకొన్నవారు ఎందరో నష్టపడిరి. అటుతరువాత ఆ దేశప్రభుత్వము ఆక్చువరీల వృత్తినే పరీక్షింపజేయగా, వారి మాటను ఎదురు ప్రశ్నించువారు చాలినంతగా లేకపోయిరని 2005లో తేలినది. ఒకరి లెక్కను మరియొకరు గట్టిగా అడుగకపోయిరన్నమాట. గౌరవముచేతనో, స్నేహముచేతనో!

ఆ యౌవనస్థుడు మాకు అమెరికా దేశపు ఆక్చువరీల నియమావళిలోని ఒక సూత్రమును చూపెను. దాని భావమిది: తోటి ఆక్చువరీ నియమము మీరెననియు, ఆ తప్పు అల్పమైనది కాదనియు, సరిదిద్దబడక నిలిచియున్నదనియు నీకు తెలిసినయెడల, మొదట అతనితోనే మాటలాడి సరిచేయుటకు ఆలోచింపవలెను. మాటలాడకపోయినను, మాటలాడియు ఫలములేకపోయినను, క్రమశిక్షణ జరిగించువారికి తెలియజేసియే తీరవలెను. చట్టము అడ్డగించినప్పుడును, కాపాడవలసిన రహస్యము బయటపడునప్పుడును మాత్రము మినహాయింపు కలదు. మన దేశములోను 2000లో బీమా నియంత్రణ సంస్థ చేసిన నిబంధనలలో, కంపెనీ చట్టము మీరి పాలసీదారుల మేలుకు గట్టి హాని చేయుచున్నదని తోచినప్పుడు ఆ కంపెనీ నియమించుకొన్న ఆక్చువరీయే సంస్థకు వ్రాసి తెలుపవలెనని పెట్టిరి. 2006లో పార్లమెంటు ఆక్చువరీల చట్టము చేసి, వారి దుష్ప్రవర్తనను విచారించు ఏర్పాటును కలుగజేసెను.

మొదట అతనితో ఒంటరిగా, వినకపోయినయెడల పైవారితో. ప్రియులారా, ఇది మనకు క్రొత్తగా తోచుచున్నదా? మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు నేర్పిన క్రమము ఇదియే. ఒంటరిగా, పిమ్మట ఒకరిద్దరు సాక్షులతో, పిమ్మట సంఘముతో. లెక్కలు చేసికొను లోకస్థులు తమ వృత్తికొరకు ఈ క్రమమును నియమముగా వ్రాసికొనిరి. సంఘములో ఏటేట ఆ భాగము చదువు మనము దానిని ఎంతమట్టుకు అనుసరించుచున్నాము?

మన పల్లెలలో చెప్పుటకు మంచి పేరు లేదు. ఇంటి గుట్టు లంకకు చేటు అని పెద్దలందురు. చాడీలకోరు, కొండెగాడు అనునవి తిట్లు. లేఖనములు సహా కొండెములాడుటను ఖండించుచున్నవి. అయితే లేవీయకాండము 19వ అధ్యాయము తెరచి 16, 17 వచనములను జంటగా చదువుడి. కొండెములాడుచు తిరుగకూడదని ఒక వచనము చెప్పగా, దాని వెంటనే వచ్చు వచనము పొరుగువాని తప్పునుబట్టి వానిని తప్పక గద్దింపవలెనని చెప్పుచున్నది. అదే గ్రంథము 5వ అధ్యాయపు మొదటి వచనములో, చూచినవాడైనను తెలిసినవాడైనను, సాక్ష్యము అడుగబడినప్పుడు చెప్పక ఊరకుండినయెడల తన దోషమును తానే భరింపవలసియున్నది. అనగా మోషే ధర్మశాస్త్రము నోటికి తాళము వేయలేదు. నోరు ఎక్కడ తెరువవలెనో నేర్పినది.

కొండెగానికిని సాక్షికిని భేదము మాకు ఇట్లు తోచుచున్నది. కొండెగాడు తప్పుచేసినవానికి చెప్పడు, సరిదిద్దగలవానికి చెప్పడు. ఆ ఇద్దరు తప్ప ఊరందరికిని చెప్పును. బావియొద్ద చెప్పును, టీ దుకాణములో చెప్పును, ప్రార్థన విన్నపమను పేరుతో కూడికలో సహా చెప్పును. (ఈ చివరిది మన సంఘములలో పెద్ద జబ్బు, దానినిగూర్చి మరియొక మాసము వ్రాయవలసియున్నది.) సాక్షి ఆ ఇద్దరికే చెప్పును, తాను చూచినంతే చెప్పును.

ఇప్పుడు మన తెలుగునాట జరిగిన ఒక సంగతి. 1987లో హైదరాబాదులో స్థాపింపబడిన సత్యం కంప్యూటర్సు కంపెనీ లోకమంతటను పేరుపొంది, ఏబదివేలమందికి పైగా ఉద్యోగులను పోషించుచుండెను. పేరే సత్యము. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు రామలింగరాజు తన డైరెక్టర్లకు ఉత్తరము వ్రాసి, పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలలో 5,040 కోట్లు అసలే లేవని ఒప్పుకొనెను. ఆ లెక్కలను తనిఖీ చేసి సంతకము పెట్టినవారు మిక్కిలి ప్రసిద్ధికెక్కిన ఆడిటర్లు. బ్యాంకులను నేరుగా అడిగి ఉత్తరములు తెప్పించుకొనుటకు మారుగా, కంపెనీవారు చేతికిచ్చిన కాగితములను నమ్మిరి. ఆ కాగితములు దొంగవి. 2015 ఏప్రిల్ 9వ తేదీన హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా తీర్చి ఏడేసి సంవత్సరముల శిక్ష విధించెను. వారిలో అధ్యక్షుడును అతని సహోదరులును మాత్రమే గాక, ఇద్దరు ఆడిటర్లు, కంపెనీ లోపలి తనిఖీకి పెద్దయైనవాడు, లెక్కల విభాగములో జీతమునకు పనిచేసినవారు సహా ఉండిరి. వారు అప్పీలు చేసికొనగా ఆ శిక్ష నిలుపుదల చేయబడెను.

మేము చెప్పదలచినది ఆ పదిమందిని గూర్చి కాదు. అధ్యక్షుడు ఒప్పుకొనుటకు మూడు వారములు ముందుగా, 2008 డిసెంబరు 18వ తేదీన, ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకరికి ఒక ఈమెయిలు వచ్చెను. లోపలి సంగతులెరిగినవాడు వ్రాసినది. పుస్తకములలోని సొమ్ము బ్యాంకులలో లేదను హెచ్చరిక అందులో ఉండెను. ఆ ఉత్తరము చేతులు మారి, లెక్కల తనిఖీ సంఘపు పెద్దకును, అక్కడనుండి సంతకము పెట్టిన ఆడిటరుకును చేరెను! వ్రాసినవాడు తన నిజమైన పేరు పెట్టలేదు. పెట్టిన పేరు జోసెఫ్ అబ్రహాము.

ఆ పేరు ఏ తలంపుతో పెట్టుకొన్నను, దానిని చదివిన పాస్టరునకు ఆదికాండము 37వ అధ్యాయము జ్ఞాపకము రాకమానదు. పదునేడేండ్ల యోసేపు తన అన్నలతో మందను మేపుచు, వారి చెడుతనమును గూర్చిన సమాచారమును తండ్రియొద్దకు తెచ్చెను. సెమినరీలో మాకు హెబ్రీ భాష చెప్పిన గురువుగారు అక్కడి మాటను చూపి, సంఖ్యాకాండము 13వ అధ్యాయములో వేగులవారు దేశమును గూర్చి తెచ్చిన చెడ్డ సమాచారమునకును ఇదే మాట వాడబడినదని చెప్పిరి. అది పట్టుకొని మేము అనేక సంవత్సరములు యోసేపును ముద్దుబిడ్డ, చాడీలకోరు అని ప్రసంగించితిమి. ఇప్పుడు ఆ ప్రసంగము చేయుటకు మాకు నోరు రాకున్నది. మంద ఎవరిది? అన్నలది మాత్రమే కాదు. ఇంటిల్లిపాది ఆహారము అది. తండ్రి దూరమున ఉన్నాడు, చూడలేడు. చూడగలవాడు ఆ చిన్నవాడే. అతడు మొదట అన్నలతో మాటలాడినట్లు అక్కడ వ్రాయబడలేదు. ఆ తీరులో లోపముండవచ్చును. చెప్పినది అబద్ధమని మాత్రము లేఖనము ఎక్కడను చెప్పలేదు.

ఇక మా సంగతి.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు మన ప్రాంతపు కొబ్బరి, జీడి, సరుగుడు తోటలు ఎట్లు పడిపోయినవో మీలో పెద్దవారందరికిని తెలియును. అనేక చోట్లనుండి బియ్యము, దుప్పట్లు, టార్పాలిన్లు వచ్చినవి. సంఘముల ద్వారా కొన్ని పంచబడినవి. సెమినరీలో మాతో ఒకే గదిలో ఉండి చదివి, మా పెండ్లిలో మా ప్రక్కన నిలిచిన సహోదరుడొకడు వేరొక క్షేత్రములో పాస్టరుగా ఉండెను. మేమతని క్షేత్రమునకు వెళ్లినప్పుడు ఒక వృద్ధురాలు మమ్మును ప్రక్కకు పిలిచి యిట్లనెను:

“నాకు టార్పాలిన్ ఇచ్చినట్టు కాయితంలో ఉందట బాబూ. ఏలిముద్ర కూడా ఉందట. నానెయ్యనేదు. ఆ ఏలెవులిదో సూసి సెప్పు బాబూ.”

చూచితిమి. జాబితాలో పదకొండు వేలిముద్రలకు అడ్డముగా ఒకే గాటు ఉండెను. మా స్నేహితుని బొటనవ్రేలిమీది గాటు అది. సెమినరీ వంటశాలలో కత్తిపీటతో తెగినప్పుడు కట్టు కట్టినవారము మేమే.

మత్తయి 18:15 ప్రకారము ఒంటరిగా అతనియొద్దకు వెళ్లితిమి. అతడు ఏడ్చెను. కుమార్తె కాలేజీ రుసుము కట్టవలసివచ్చెనని, టార్పాలిన్లు అమ్మితినని, నెలలోగా అందరికిని ఇచ్చివేయుదునని చెప్పెను. చేతులు పట్టుకొని ప్రార్థించితిమి. సహోదరుని సంపాదించుకొంటిమని సంతోషముతో బస్సెక్కితిమి. ఆ నెల గడిచెను. ఇచ్చెనా అని మేము అడుగలేదు. అడుగుట అనుమానించినట్లగునని తలంచితిమి. ఆ వృద్ధురాలియొద్దకును మరల వెళ్లలేదు. ఆమె రెండు సంవత్సరములకు, కారుచున్న ఇంటిలోనే ప్రభువునందు నిద్రించెను.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస ప్రాంతమును పాడుచేసెను. ఈ తడవ మన సంఘములే బియ్యమును, సొమ్మును ప్రోగుచేసి పంపినవి. పంచుటకు ఎవరినైన నియమింపవలసి, కమిటీ పెద్దలు మా స్నేహితుని పేరు తలంచి, “మీరు ఆయనను బాగుగా ఎరుగుదురు గదా, ఏమందురు?” అని మమ్మును అడిగిరి.

“మంచివాడు” అంటిమి.

ప్రియులారా, అంతవరకు మేము మౌనముగా మాత్రమే ఉంటిమి. ఆ ఒక్క మాటతో మా మౌనము అబద్ధసాక్ష్యమయ్యెను. అబద్ధమాడవలెనని మేము లేవలేదు. నాలుగేండ్లు దాచినదానిని ఆ క్షణమున బయటపెట్టుటకు దారి కనబడలేదు. దాచినవానికి తుదకు మిగులునది అట్టి మాటయే. ఈసారి తక్కువైనది పదకొండు టార్పాలిన్లు కాదు. మేము ఒక పెద్దను వెంటబెట్టుకొని వెళ్లగా అతడు కోపపడి కాదనెను. అప్పుడు ఇద్దరు సాక్షుల సంతకములతో, మా పేరు పైన పెట్టి, 2014 నాటి సంగతియు మా తప్పును సహా వ్రాసి, కమిటీకి ఇచ్చితిమి. విచారణ జరిగి అతడు పరిచర్యనుండి తొలగింపబడెను. సొమ్ములో కొంత తిరిగి కట్టెను.

నెలకూడికలో మా ప్రక్క చాప కొన్ని మాసములు ఖాళీగా ఉండెను. తోటి పాస్టరులు మాతో వాతావరణమును గూర్చియే మాటలాడిరి. అది ఓర్చుకొనదగినది. ఓర్చుకొనలేనిది మరియొకటి. అతని భార్య మా గుమ్మమునొద్దకు వచ్చి, లోనికి రమ్మన్నను రాక, “అన్నయ్యా, తుపాను నాడే మీరు పెద్దలకు చెప్పుంటే ఆయన్ని మందలించి, జీతంలో పట్టుకుని వదిలేసేవారు. ఇంతదూరం రానిచ్చి ఇప్పుడు చెప్పినారు” అనెను. ఆమె మమ్మును ఎందుకు చెప్పితివని అడుగలేదు. ఎందుకు ఆలస్యము చేసితివని అడిగెను. మేము స్నేహితుని కాపాడుచున్నామని తలంచిన నాలుగేండ్లును అతనిని గోతిలోనికి దింపినవి. అతడు నేటికిని మాతో మాటలాడడు. మేము వ్రాసిన ఉత్తరములు తిరిగివచ్చుట మాత్రము ఆగినది, చదువుచున్నాడని తలంచుచున్నాము.

మత్తయి 18వ అధ్యాయమును ప్రభువు నడచుటకు బాటగా ఇచ్చెను. మేము మొదటి మైలురాయియొద్దనే పాక వేసికొంటిమి. ‘ఒంటరిగా మాటలాడితిమి, మా పని తీరినది’ అనుకొంటిమి. ఒంటరిగా మాటలాడుట అతని పరువుకొరకు; అయితే టార్పాలిను లేనివారి సంగతి అందులో తీరలేదు. తప్పు సరిదిద్దబడెనా అని తిరిగి చూచువరకు మొదటి మెట్టైనను పూర్తికాదు. ఆక్చువరీల సూత్రములో ‘సరిదిద్దబడక నిలిచియున్న’ అను భావమున్నది గదా! మాకు లోపించినది అదియే.

చెప్పువానికి అపాయము లేదా? ఉన్నది. దానిని తేలికగా మాటలాడుట మాకిష్టము లేదు. బీహారులో జాతీయ రహదారి పనిలో ఇంజనీరుగా ఉండిన సత్యేంద్ర దూబే 2002లో ఆ పనిలోని అక్రమములను గూర్చి ప్రధానమంత్రికి ఉత్తరము వ్రాసి, తన పేరు గుప్తముగా ఉంచుడని వేడుకొనెను. ఆ ఉత్తరము పేరుతో సహా కార్యాలయములలో చేతులు మారెను. 2003 నవంబరు 27వ తేదీన గయలో అతడు కాల్చి చంపబడెను. దేశమంతయు కలతచెందిన తరువాత, 2004లో ప్రభుత్వము అట్టి ఫిర్యాదులు పుచ్చుకొను బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషనునకు అప్పగించెను. ఆ ఏర్పాటులో వ్రాయువాడు తన పేరు చెప్పవలెను, పుచ్చుకొనువాడు దానిని దాచవలెను. పేరులేని ఉత్తరమును అక్కడ స్వీకరింపరు.

ఇది మాకు న్యాయముగా తోచుచున్నది. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయములో పౌలు మేనల్లుడు, నలువదిమందికి పైగా చేసిన కుట్రను విని, కోటలోనికి పోయి చెప్పెను. సహస్రాధిపతి ఆ చిన్నవాని చెయ్యిపట్టుకొని ఏకాంతముగా విని, తనకు తెలిపిన సంగతి ఎవనితోను చెప్పవద్దని ఆజ్ఞాపించి పంపెను. ఆ అన్యుడైన అధికారికి ఉన్న జాగ్రత్త మన సంఘ పెద్దలకు ఉన్నదా? ఒకడు వచ్చి కోశాధికారిని గూర్చి చెప్పినయెడల సాయంకాలమునకు కోశాధికారి భార్యకు తెలియుచున్నది. చెప్పుమని యౌవనస్థులకు బోధించుటకు ముందు, వినుట నేర్చుకొనవలసినవారము పెద్దలమైన మనము. అట్లని చెవినబడిన ప్రతి మాటను నమ్ముటయు వినుట కాదు. పెద్దమీద నేరమును ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే అంగీకరింపవద్దని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతికి 5:19). ఆ వచనమును నేరస్థులు చాటుగా వాడుకొందురు గాని, తరువాతి వచనములో పాపము చేసినవారిని అందరియెదుట గద్దింపుమని ఉన్నది.

ఒకరిమీద ఒకరు చెప్పుకొనవలసిన అవసరమే రాకుండ చేయుట మేలు గదా అని కొందరందురు. నిజమే. పౌలు యెరూషలేము బీదలకొరకు చందా పంపునప్పుడు తీతునకు తోడుగా మరియొక సహోదరుని పంపెను. తన నిజాయితీమీద అనుమానమువలన కాదు, మనుష్యుల దృష్టికిని మంచిగా నుండవలెనని. యూదాయొక్క సంచిని తెరచి లెక్క చూచినవారెవరైన ఉన్నట్లు సువార్తలలో లేదు. అతడు దొంగయని యోహాను వ్రాసినది అంతయు ముగిసిన తరువాత. మన సంఘములలో కానుకపెట్టె ఇద్దరు లెక్కపెట్టవలెనని, స్త్రీలు తెచ్చు పిడికెడు బియ్యమును ఒకరు కొలువగా మరియొకరు వ్రాయవలెనని రెండేండ్లనుండి ఏర్పాటు చేసితిమి. మొదట కొందరు సోదరీమణులు నొచ్చుకొనిరి. మా చేతిని నమ్మరా అనిరి. మా చేతిని సహా నమ్మవద్దని చెప్పితిమి.

ఆ యౌవనస్థునికి మేము ఆలస్యముగానైనను ఉత్తరము వ్రాసితిమి. పైన చెప్పినదంతయు, మా స్నేహితుని సంగతితో సహా, వ్రాసితిమి. ‘నీవు ఇంకను నేర్చుకొనువాడవు, నీ లెక్కయే తప్పు కావచ్చును. మరల చేసి చూడుము. పేర్లు చెప్పక ఆ విద్య తెలిసిన మరియొకరిని అడుగుము. నిజమని తేలినయెడల ఆయనయొద్దకే కాగితము పట్టుకొని వెళ్లి, గౌరవముతో, నీవు చూచినది చెప్పుము. ఎన్ని దినములు ఆగుదువో నీ మనస్సులో గాక కాగితముమీద వ్రాసికొనుము. మాకు అదియే లేకపోయినది. ఆ దినము దాటినను సరికానియెడల, విచారించు అధికారము గలవారికి నీ పేరుతో వ్రాయుము. స్నేహితులతో అనవద్దు. ఉద్యోగము పోవచ్చును, పోదని మేము చెప్పలేము. పోయినయెడల నీ తల్లికి మా ఇంట ఉన్నదానిలో పాలు కలదు’ అని వ్రాసితిమి.

అతడు జవాబు వ్రాసెను. ఆ పెద్దమనిషి మొదట నవ్వెనట. తరువాత తలుపు మూసి, చాలసేపు మౌనముగా ఉండి, వచ్చు మూడునెలల లెక్కలో సరిచేయుదుననెనట. యౌవనస్థుడు తేదీ వ్రాసికొనెను. ఆ తేదీ ఇంకను రాలేదు.

గత శనివారము అతని తల్లి మా యింటికి వచ్చెను. “మా గుంటడు ఏటో సిక్కులో ఉన్నాడని తెలుస్తంది అయ్యగారూ. మీరేటో ఉత్తరం రాసినారంట. ఉజ్జోగం ఉంటాదా?”

“తెలియదమ్మా” అంటిమి.

ఆమె కొంగు సర్దుకొని కొంతసేపు మాటలాడలేదు. పిదప మందిరములోనికి వెళ్లి తాను తెచ్చిన పిడికెడు బియ్యపు సంచిని కొలతకుండ ప్రక్కన పెట్టెను. వ్రాయవలసిన సహోదరి ఇంకను రాలేదు. ఎండ ఎక్కుచున్నది, మీరు వెళ్లుడమ్మా, మేము వ్రాయించెదమంటిమి. ఆమె తల అడ్డముగా ఊపి, సంచి దగ్గర చాపమీద కూర్చుండి, ఆ సహోదరి వచ్చి కొలిచి పుస్తకములో వ్రాసి, ఆమెచేత వేలిముద్ర వేయించువరకు అక్కడనే ఉండెను.